నీడో డబ్బాలో దొరికిన పాత లెగో కోట: దాన్నే పూర్తి చేయాలా, కొత్తది కొనాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. రాజమండ్రిలో అమ్మగారింట్లో అటక దులుపుతుంటే రెండు నీడో పాలపొడి డబ్బాలు దొరికాయి. మీ పెదనాన్నగారు 1985లో దుబాయ్ నుంచి మీకూ మీ తమ్ముడికీ కలిపి తెచ్చిన లెగో కోట (ఒకదానిమీద ఒకటి నొక్కి కట్టే ప్లాస్టిక్ ఇటుకల బొమ్మ) ముక్కలు వాటిలో ఉన్నాయి. అట్టపెట్టె లేదు, కట్టే విధానం చూపించే పుస్తకం లేదు, కొన్ని గుర్రాలు లేవు, బూడిద రంగు ముక్కలు కొన్ని పసుపుపచ్చబడ్డాయి. ఇప్పుడు మీకు 47 ఏళ్లు. పాతదాన్ని పూర్తి చేయాలా, 2022లో వచ్చిన పెద్ద కోట కొనాలా, కొంటే అది పెట్టుబడిగా పనికొస్తుందా, ఈ వయసులో ఇదేంటని పిల్లలు నవ్వుతుంటే ఏం చెప్పాలి అని అడిగారు.

ముందు డబ్బాలో ఉన్న కోటను నిలబెట్టండి. కొత్తది ఆ తర్వాత చూద్దాం. ఈ వరుస మాత్రం మార్చకండి. పద్నాలుగేళ్లుగా పాత సెట్లు బాగుచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

కారణం చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న కువైట్‌లో అకౌంటెంటుగా పనిచేసేవారు. 1989లో లెగో వాళ్లు మొదటిసారి సముద్రపు దొంగల సెట్లు తెచ్చారు. నా ఎనిమిదో పుట్టినరోజుకు నాన్న ఆ వరసలోదే 6276 నంబరు ఎల్డొరాడో ఫోర్ట్రెస్ అనే కోట కొన్నారు. నీలం కోటు సైనికులు, ఫిరంగులు, తెల్లటి గోడలు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. సెప్టెంబరులో మేం బస్సులో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాం. లక్షమందికి పైగా అలాగే వచ్చారు. మనిషికో సంచీ. కోట మంచం కిందే ఉండిపోయింది. నేను ఒక్క బొమ్మ కూడా తెచ్చుకోలేదు, అడగలేదు కూడా. అమ్మ ముఖం చూస్తే అడగాలనిపించలేదు.

2011లో ఆఫీసు పని మీద జర్మనీలో ఉన్నప్పుడు ఆదివారం సంతలో ఒక పెద్దావిడ పాత బొమ్మలు అమ్ముతోంది. చెప్పుల పెట్టె నిండా లెగో ముక్కలు. అందులో చెయ్యి పెట్టి కలియబెడితే నీలం కోటు సైనికుడు తగిలాడు. చూడకముందే వేళ్లకు తెలిసిపోయింది. ఆ పెట్టె కొనేశాను. ఆ కోటను ముక్క ముక్కగా సమకూర్చుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఈ అలవాటు ఉన్నవాళ్లు చిన్నప్పుడు ఆడటం ఆపేసిన రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టిన రోజు వరకూ మధ్య ఉన్న ఏళ్లను ‘డార్క్ ఏజెస్’ అంటారు. నావి ఇరవయ్యొక్క ఏళ్లు. మీవి బహుశా ముప్పై దాటి ఉంటాయి.

ఇక మీ కోట సంగతి. బూడిద రంగు గోడలు, సింహం గుర్తున్న డాళ్లు, మధ్యలో బందుల మీద తెరుచుకునే కోట అని రాశారు. 1985లో తెచ్చారంటున్నారు కాబట్టి అది 1984లో వచ్చిన 6080 నంబరు కింగ్స్ క్యాజిల్ అయ్యే అవకాశం ఎక్కువ. అందులో ఆరు వందలకు పైగా ముక్కలు, పన్నెండు మంది మనుషులు ఉంటారు. గుర్రాలను చూస్తే ఇంకొంచెం తేలుతుంది. ఒకే అచ్చులో పోసిన గుర్రం 1984లోనే మొదలైంది. అంతకు ముందు, 1978 నాటి పసుపుపచ్చ కోటలో గుర్రాన్ని కూడా చిన్న చిన్న ఇటుకలతోనే కట్టుకోవాల్సి వచ్చేది. మీ దగ్గర మిగిలిన గుర్రం అచ్చుపోసినదే అయితే మన అంచనా సరైన దారిలోనే ఉన్నట్టు.

ఖాయం చేసుకోవడానికి బ్రిక్‌లింక్ అనే సైటు తెరిచి 6080 అని కొట్టండి. 2000లో ఒక అభిమాని మొదలుపెట్టిన సైటు అది, 2019లో లెగో కంపెనీయే కొనేసింది. ప్రతి సెట్‌లో ఏ ముక్క, ఏ రంగులో, ఎన్ని ఉండాలో జాబితా అందులో ఉంటుంది. మీ ముక్కల్ని తిరగేసి లోపలివైపు వెలుతురులో చూడండి, చాలావాటి మీద చీమతలకాయంత అంకెలు ఉంటాయి. నాలుగేసి బుడిపెలు రెండు వరసల్లో ఉన్న మామూలు ఇటుక 3001. అందులో సగం, రెండేసి బుడిపెలది 3003. ఒకటికి రెండు ఉన్న పల్చటి పలక 3023. ఆ అంకె కొడితే సైటు ముక్కను చూపిస్తుంది. కట్టే పుస్తకం పోయిందని బాధపడకండి. 1980ల నాటి పుస్తకాల్ని అభిమానులు పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టారు. ఒక్క మాట, ఆ పాత పుస్తకాలు ఇప్పటివాటిలా ఉండవు. ఇప్పుడు ప్రతి మెట్టులో ఏ ముక్కలు కావాలో పక్కన విడిగా బొమ్మవేసి చూపిస్తారు. అప్పట్లో ముందు బొమ్మకూ తర్వాత బొమ్మకూ తేడా ఏంటో మనమే కనిపెట్టాలి. ఏడేళ్ల వయసులో మీరు ఆ పని చేశారు, అది చిన్న విషయం కాదు.

ముందు కడగాలి. గోరువెచ్చని నీళ్లు, అంటే 40 డిగ్రీలు దాటకుండా, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి పాత టూత్ బ్రష్. డబ్బాలోంచి తీసి ఒకేసారి బకెట్‌లో పోయకండి. స్టిక్కర్లు ఉన్న ముక్కలు, జెండాలు పక్కన పెట్టండి, అవి తడవకూడదు. మనుషుల చేతులు ఊడదీయొద్దు. నలభై ఏళ్ల నాటి ప్లాస్టిక్, భుజం దగ్గర సన్నగా పగులుతుంది, ఒకసారి పగిలితే అతకదు. కడిగాక పాత కాటన్ చీర మీద పరిచి ఫ్యాను కింద ఆరనివ్వండి. మన ఎండలో పెట్టాలని అనిపిస్తుంది, పెట్టకండి.

పచ్చబడటానికి ముఖ్యమైన కారణం ఎండే. ఈ ముక్కలు ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, 1963 నుంచి దాన్నే వాడుతున్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి, ఏళ్ల తరబడి గాలి తగలడం వల్ల దాని పైపొర రంగు మారుతుంది. తెలుపు, లేత బూడిద, నీలం ముందుగా పాడవుతాయి. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో ఉంచితే మళ్లీ తెల్లబడతాయని ఇంటర్నెట్‌లో చాలామంది చెబుతారు. నిజమే, తెల్లబడతాయి. నేను కూడా మూడు నాలుగుసార్లు చేశాను. ఆ తర్వాత మానేశాను. కొన్నేళ్లకు మళ్లీ పచ్చబడ్డాయి. పైగా మే నెలలో మన ఎండకు ఆ నీళ్లు ఎంత కాగుతాయో మీకు తెలుసు. నా దృష్టిలో ఆ పచ్చదనం మీ అమ్మగారింటి కిటికీ ఎండది. గోడ ముందు భాగంలో మరీ కొట్టొచ్చినట్టు ఉంటే ఆ ముక్కల్ని వెనక గోడలోకి మార్చండి. ఎలాగూ ఇటుకలే, ఎక్కడ పెట్టినా సరిపోతాయి.

ఆరిన తర్వాత ముక్కల్ని వేరుచేసేటప్పుడు అందరూ మొదట చేసే పొరపాటు రంగు ప్రకారం వేరుచేయడం. బూడిద రంగు గుట్టలో ఒక బూడిద రంగు చిన్న ముక్క వెతకాలంటే కళ్లు లాగేస్తాయి. ఆకారం ప్రకారం వేరుచేయండి. ఒకే ఆకారం ఉన్న గుట్టలో రంగు వెంటనే కంటికి దొరుకుతుంది. ఉగాదికి కొన్న స్వీటు డబ్బాలు, ఇడ్లీ పిండి టబ్బులు, ఏవైనా సరే. ఇడ్లీ రేకుల గుంటలు చిన్న ముక్కలకు ఎంత బాగా పనికొస్తాయో చేసి చూస్తే తెలుస్తుంది, మా ఇంట్లో ఒక పాత స్టాండు ఇందుకే కేటాయించేశాం.

ఒకటి మాత్రం కచ్చితంగా చూసుకోండి. నకిలీ ముక్కలు కలిసి ఉంటాయి. మన చిన్నప్పుడు తిరునాళ్లలో, ఫ్యాన్సీ షాపుల్లో దొరికిన రకరకాల ముక్కలు అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోసేవాళ్లం కదా. అసలు లెగో అయితే ప్రతి బుడిపె మీద లెగో అని చిన్న అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. లేకపోతే అది వేరే. పారేయకండి, పక్కన పెట్టండి. కానీ కోట గోడలో పెడితే ఆ చోట పట్టు వదులుగా ఉంటుంది.

ఈ పట్టు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అసలు ఈ బొమ్మ గొప్పతనమంతా అక్కడే ఉంది. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలతో మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. అవి లోపల డొల్లగా ఉండి గట్టిగా పట్టుకునేవి కావు. 1958 జనవరి 28న ఆయన కొడుకు గాడ్‌ఫ్రెడ్ పేటెంటుకు దరఖాస్తు చేసిన కొత్త నమూనాలో ఇటుక లోపల గొట్టాలు పెట్టారు. కింది ఇటుక బుడిపె పై ఇటుక గోడకూ గొట్టానికీ మధ్య ఇరుక్కుంటుంది. అంతే, ఆ ఇరుకే పట్టు. బుడిపెకూ బుడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పల్చటి పలకలు మూడు పేరిస్తే సరిగ్గా ఒక ఇటుక ఎత్తు. ఆ కొలతలు ఇప్పటికీ మారలేదు. మీ డబ్బాలోంచి ఒక ఇటుక తీసి ఈ ఏడాది కొన్న ఏ ఇటుక మీదైనా నొక్కండి. టక్కుమని కూర్చుంటుంది. నలభై ఏళ్ల నాటి స్కూటరుకు ఈ రోజు షాపులో నట్టు తెచ్చి బిగించగలమా?

ఇప్పుడు తక్కువపడిన ముక్కలు కొనడం. మీది బూడిద రంగు కోట కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి, ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. 2004 ప్రాంతంలో లెగో వాళ్లు తమ బూడిద రంగులను మార్చేశారు. పాత లేత బూడిదలో కొంచెం పసుపు ఛాయ ఉండేది, కొత్తదాంట్లో నీలం ఛాయ. ముదురు బూడిద, గోధుమ రంగులు కూడా అప్పుడే మారాయి. అప్పటి పెద్దవయసు అభిమానులు చాలా బాధపడ్డారు, ఆ కొత్త రంగుకు ‘బ్లే’ అని పేరు కూడా పెట్టారు. ఎందుకంటే వాళ్ల దగ్గర ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన బూడిద ఇటుకలు ఉన్నాయి, కొత్తవి పక్కన పెడితే గోడకు మాసిక వేసినట్టు కనిపిస్తుంది. బ్రిక్‌లింక్‌లో పాత రంగు పేరు లైట్ గ్రే. కొత్త రంగు పేరు లైట్ బ్లూయిష్ గ్రే. మీకు కావలసింది మొదటిది. ఫోన్ తెరలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, పేరు చూసే కొనండి, ఫోటో చూసి కాదు.

ముక్క ధర ఎంత ఉండాలో తెలియకపోతే అదే సైటులో గత ఆరు నెలల్లో నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో చూపించే పట్టిక ఉంటుంది. అమ్మేవాడు అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. మామూలు ఇటుకలు చాలా చవక. ఖరీదంతా గుర్రాలు, ముద్రవేసిన డాళ్లు, ముద్ర చెరగని ఛాతీలు ఉన్న మనుషుల దగ్గరే. కావలసినవన్నీ వాంటెడ్ లిస్ట్‌లో వేసుకుని, ఎక్కువ ముక్కలు ఒకే చోట దొరికే అమ్మకందారుడిని ఎంచుకోండి. పది చోట్ల పది ముక్కలు కొంటే ముక్కల కన్నా పోస్టేజీకే ఎక్కువవుతుంది.

అమ్మేవాళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికాల్లో ఉంటారు. ఇండియాకు తెప్పించుకుంటే కస్టమ్స్, పోస్టేజీ కలిపి ఎంతవుతుందో ముందే లెక్క చూసుకోండి. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఇక్కడి షాపుల్లో లెగో ధరలు చూసి గుండె ఝల్లుమనడానికి అది కూడా ఒక కారణం. అమెరికాలో చెల్లెలో, మరిది కొడుకో ఉంటే వాళ్ల అడ్రసుకు పంపించి, వచ్చేటప్పుడు తెమ్మనండి. వాడిన చిన్న ముక్కలు ఒక చిన్న కవరులో పడతాయి. మీ కోట మొదటిసారి వచ్చింది కూడా సూట్‌కేసులోనే కదా.

సరే, కోట నిలబడింది అనుకుందాం. అప్పుడు మీకు ఒక చిన్న దెబ్బ తగులుతుంది, ముందే చెబుతున్నాను. “ఇంత చిన్నదా?” అనిపిస్తుంది.

నాకు అలాగే అనిపించింది. పద్నాలుగు నెలలు వెతికి కట్టిన ఎల్డొరాడో కోట పూర్తయ్యాక బల్ల మీద పెట్టి చూస్తే, నాకు గుర్తున్నదానిలో సగం కూడా లేదు. అమ్మమ్మగారి ఊరికి చాలా ఏళ్ల తర్వాత వెళ్తే మండువా ఇంత ఇరుకా అనిపిస్తుంది చూడండి, అలా. ఆ వయసులో నేను నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఫిరంగి ఎత్తులో నుంచి ఆ గోడల్ని చూసేవాడిని. ఇప్పుడు కుర్చీలో కూర్చుని పైనుంచి చూస్తున్నాను. ఆ రాత్రి లైటు ఆర్పేసి, టార్చి వేసుకుని, నేల మీద పడుకుని చూశాను. అప్పుడు దాని ఎత్తు దానికి వచ్చింది. మీరు కూడా ఒకసారి అలా చూడండి, మోకాళ్లు సహకరిస్తే.

కొత్త సెట్లు ఎందుకు అలా తయారవుతున్నాయో నాకు ఆ రాత్రే అర్థమైంది. పాతవాటిని మళ్లీ తేవడం లెగో వాళ్లు మొదట వేరేలా ప్రయత్నించారు. 2001, 2002లలో పాత సెట్లను ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేశారు. 1986 నాటి గార్డెడ్ ఇన్ 2001లో, అదే 1986 నాటి బ్లాక్ ఫాల్కన్స్ ఫోర్ట్రెస్ 2002లో, 1989 నాటి బ్లాక్ సీస్ బరాకుడా ఓడ కూడా 2002లో. వాటిలో తప్పేమీ లేదు, మంచి సెట్లే. కానీ కొన్నవాళ్లకు దొరికింది చిన్నప్పటి వస్తువే. చిన్నప్పటి పరిమాణం దొరకలేదు.

2020 నుంచి దారి మారింది. పెట్టెల మీద పద్దెనిమిది ఏళ్లు దాటినవాళ్లకు అని నల్లటి అట్టల మీద రాయడం కూడా ఆ ఏడాదే మొదలైంది. బరాకుడా ఓడ 2020లో 2,545 ముక్కలతో ఒక దీవిగా తిరిగి వచ్చింది, విప్పి కడితే మళ్లీ ఓడ అవుతుంది. 1979లో వచ్చిన గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ అనే అంతరిక్ష నౌకలో మూడు వందల పైచిలుకు ముక్కలు ఉండేవి. 2022లో అదే నౌకను 1,254 ముక్కలతో, దాదాపు ఒకటిన్నర రెట్లు పెంచి తెచ్చారు. ఆ ఒకటిన్నర రెట్లు అనేది నాకు చాలా నచ్చిన నిర్ణయం. చిన్నపిల్లాడి చేతిలో పాత నౌక ఎంత బరువుగా, ఎంత నిండుగా ఉండేదో, పెద్దవాడి చేతిలో కొత్తది అంత నిండుగా ఉంటుంది. చేతులు పెరిగాయి కాబట్టి నౌక కూడా పెరిగింది. రంగుల కూర్పు మాత్రం అలాగే ఉంచారు, నీలం, బూడిద, పసుపు రంగు అద్దాలు.

నా ఎల్డొరాడో 2023లో 2,509 ముక్కలతో వచ్చింది. పాతది ఎత్తుపల్లాలతో అచ్చుపోసిన ఒక పెద్ద పలక మీద నిలబడేది. కొత్తదాంట్లో ఆ రాతిగుట్టను కూడా ఇటుక ఇటుకగా మనమే కట్టాలి. కడుతుంటే చాలాచోట్ల నవ్వొచ్చింది, ఒకటి రెండు చోట్ల కళ్లు చెమర్చాయి. ఈ మెట్లు అవే కదా, ఈ జెండా కర్ర అక్కడే కదా అని గుర్తుపట్టుకుంటూ కట్టాను. పాతదాన్ని ముందే నా చేతులతో కట్టి ఉండకపోతే వాటిలో సగం నాకు తెలిసేవే కాదు.

వరుస మార్చొద్దని మొదట్లో చెప్పింది ఇందుకే. మీరు అడిగిన 2022 నాటి లయన్ నైట్స్ క్యాజిల్ 10305లో 4,514 ముక్కలు, 22 మంది మనుషులు. వంతెన లేస్తుంది, ఇనుప జల్లెడ తలుపు దిగుతుంది, నీటి చక్రం తిరుగుతుంది, కోట మీ పాతదానిలాగే బందుల మీద తెరుచుకుంటుంది. అడవి మనుషులు దాక్కునే చోటు కూడా ఉంది, 1980ల చివర్లో ఆకుపచ్చ బట్టల్లో వచ్చినవాళ్లే. ఇంకో సంగతి మీకు ముఖ్యంగా నచ్చుతుంది, ఈ కోటను ఏలేది రాణి. మీ పాత కోటలో అందరికీ రెండు చుక్కల కళ్లు, ఒకే నవ్వు. వేరు వేరు ముఖాలు 1989లో సముద్రపు దొంగలతోనే మొదలయ్యాయి. ఇప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో ముఖం. ఇంత వైభవం ముందు కట్టేస్తే నీడో డబ్బాలోని ముక్కలు వెలవెలబోతాయి, డబ్బా మళ్లీ అటకెక్కుతుంది. నేను ఇద్దరు ముగ్గురు స్నేహితుల ఇళ్లలో అలా జరగడం చూశాను.

డబ్బు విషయంలో తొందరపడకండి. విడుదలప్పుడు ఈ కోట ధర అమెరికాలో 400 డాలర్లు. ఇలాంటి సెట్లను కొన్నేళ్లకు మించి తయారు చేయరు. తర్వాత దగ్గర ఉంచుకున్నవాళ్లు చెప్పిన ధరకే దొరుకుతుంది. అంత పెట్టలేకపోతే 2021లో వచ్చిన 31120 మెడీవల్ క్యాజిల్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. 1,426 ముక్కలు, అవే ముక్కలతో మూడు రకాలుగా కట్టుకోవచ్చు, కట్టడంలో ఆనందం ఏమీ తక్కువ కాదు. మొదటి కొత్త సెట్‌గా నేను చాలామందికి అదే చెబుతాను.

పెట్టుబడి గురించి. నా మాట వద్దు అనే. పాత సెట్ల ధరలు సగటున ఏడాదికి కనీసం 11 శాతం పెరిగాయని 2021లో రష్యాలోని ఒక విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కకట్టారు, ఆ మాట పట్టుకుని చాలామంది పెట్టెలు కొని అల్మారాల్లో దాస్తున్నారు. సగటు వెనకాల ఏముందో చూడాలి, సగం విలువ పోయినవి కూడా అందులో ఉన్నాయి. తాజ్ మహల్ సంగతే తీసుకోండి. 2008లో 5,922 ముక్కలతో వచ్చింది, అప్పటికి లెగోలో అదే అతి పెద్ద సెట్. ఆపేశాక ధర కొన్ని రెట్లు పెరిగింది. 2017లో కంపెనీ దాదాపు అదే సెట్‌ను మళ్లీ విడుదల చేసింది. దాచుకున్నవాళ్ల లెక్కలన్నీ తారుమారయ్యాయి. అదే 2017లో తక్కువ ధరకు కొనుక్కుని కట్టుకున్నవాళ్లు సంతోషించారు. సీలు తీయని పెట్టెను మన వాతావరణంలో చెదలు, తేమ తగలకుండా పదేళ్లు కాపాడటం కూడా చిన్న పని కాదు. దాచాలంటే బంగారం ఉంది. దీన్ని కట్టండి.

ఇక పిల్లలు నవ్వడం గురించి. మీది రాజమండ్రి, బొమ్మల కొలువు తెలియని ఇల్లు కాదు. సంక్రాంతికి మెట్లు కట్టి, తెల్లని పంచె పరిచి, ట్రంకు పెట్టెలోంచి కొండపల్లి బొమ్మల్ని ఒక్కొక్కటే గుడ్డ విప్పి పేర్చేది ఎవరు? అమ్మలు, అమ్మమ్మలే. చెయ్యి విరిగిన బొమ్మకు లక్క పెట్టి అతికించి, ఇది మా పెళ్లికి ముందుదని కథ చెప్పేది కూడా వాళ్లే. పెద్దవాళ్లు బొమ్మల్ని జాగ్రత్తగా చూసుకోవడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉంది. మా అమ్మ 2012 నుంచి నా ఎల్డొరాడో కోటను కొలువులో పై నుంచి మూడో మెట్టు మీద పెడుతోంది, పక్కన అంబారీ ఏనుగు. అమ్మాన్ విమానం సంగతి పేరంటాళ్లకు తనే చెబుతుంది. అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పిల్లల్ని నవ్వనివ్వండి. గోడ సగం లేచాక, ముక్క దొరక్క మీరు వెతుకుతుంటే, వాళ్లలో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. అప్పుడు వాళ్లకు చెప్పేది ఒక్కటే, పళ్లతో ఊడదీయొద్దని. మన చిన్నప్పుడు మనమంతా అదే చేశాం, మీ పల్చటి పలకల అంచుల మీద పంటి గాట్లు ఉంటాయి చూడండి. ఆ గాట్లున్న ముక్కల్ని మాత్రం కొత్తవాటితో మార్చకండి. అవి మీ తమ్ముడివో మీవో, ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఇప్పుడు పెద్ద సెట్లలో ముక్కలు ఊడదీసే నారింజ రంగు పనిముట్టు వస్తుంది, విడిగా కూడా దొరుకుతుంది, ఒకటి తెప్పించుకోండి.

పెట్టే చోటు: ఎండ నేరుగా పడని గోడ, వీలైతే అద్దాల షోకేసు. దుమ్ముకు ముఖానికి పౌడరు రాసుకునే మెత్తటి బ్రష్ కొత్తది ఒకటి విడిగా ఉంచుకోండి, వారానికి ఒకసారి చాలు. తడిగుడ్డ వద్దు.

ఈ వారాంతంలో డబ్బాలు రెండూ ఒక దుప్పటి మీద పోసి, పైనుంచి వెలుతురులో మూడు నాలుగు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా మిగిలిన గుర్రం, డాళ్లు, గోడల పెద్ద ముక్కలు విడిగా కనిపించేలా తీయండి. అది 6080 అవునో కాదో చెప్పి, తక్కువపడిన ముక్కల జాబితా నేనే రాసిస్తాను. లేత బూడిద ఇటుకలు నా దగ్గర పాత రంగువే కొన్ని అదనంగా ఉన్నాయి, మామూలు 3001లు, 3003లు అయితే వాటికోసం మీరు అమెరికా దాకా వెళ్లక్కర్లేదు.